ఊబకాయం, మధుమేహం కలిసి ఉన్న రోగికి వేరే అధ్యాయం కావాలి: శ్వాసకోశ వైరస్ వ్యాధుల మార్గదర్శకాలు రాసే నిపుణులకు బహిరంగ లేఖ

శ్వాసకోశ వైరస్ వ్యాధులకు చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నిపుణుల సంఘాల సభ్యులకు, వాటిని అమలు చేసే ఆరోగ్య శాఖల అధికారులకు,

నమస్కారం.

ఇన్‌ఫ్లుయెంజాకైనా కోవిడ్‌కైనా మీరు విడుదల చేసే పత్రాల్లో 'ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు' అనే పట్టిక ఒకటి ఉంటుంది. అందులో మధుమేహం ఒక వరుసలో, ఊబకాయం మరో వరుసలో ఉంటాయి; రెండింటి మధ్య గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం వంటివి వస్తాయి. మధుమేహానికి చికిత్స చేసే వైద్యుడిగా నాకున్న అభ్యంతరం ఈ అమరిక మీదే. టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో అత్యధికులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉంటారు కాబట్టి, ఆస్పత్రికి వచ్చే రోగిలో ఈ రెండూ విడివిడిగా కంటే జంటగానే ఎక్కువగా కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022 నాటికి 100 కోట్ల మందికి పైగా ఊబకాయంతోనూ, సుమారు 83 కోట్ల మంది వయోజనులు మధుమేహంతోనూ జీవిస్తున్నారు. ఈ రెండు సమూహాలకూ చెందిన మనిషికి వైరల్ న్యుమోనియా వస్తే ఏమేమి కొలవాలి, ఏ మందు ఆపాలి, ఏ ఏర్పాట్లు ముందే చేసుకోవాలి అన్నది ఒకచోట రాసిపెట్టిన పత్రం చికిత్స చేసేవారి చేతిలో ఉండాలి. ఆ అధ్యాయాన్ని చేర్చమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఇన్‌ఫ్లుయెంజా ప్రమాద జాబితాల్లో మధుమేహానికి చాలాకాలంగా చోటుంది. ఊబకాయానికి ఆ గుర్తింపు 2009 హెచ్1ఎన్1 మహమ్మారితో గానీ రాలేదు. ఆ ఏడాది జులైలో అమెరికాలోని మిషిగన్‌లో ఒక ఐసీయూలో చేరిన 10 మంది తీవ్ర రోగుల వివరాలు వెలువడ్డాయి. వారిలో 9 మందికి శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే బీఎంఐ, 30కి పైన ఉంది. 7 మందికి 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంది. పది మందిని చూసి సిద్ధాంతం కట్టలేం, కానీ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు ఆ అనుమానాన్ని బలపరిచాయి. 2012లో బయటపడిన మెర్స్ కరోనా వైరస్ విషయంలో తీవ్రంగా జబ్బుపడినవారిలో మధుమేహం పదేపదే కనిపించింది. ఎక్కువ కొవ్వున్న మేతతో లావెక్కించి మధుమేహం తెప్పించిన ఎలుకలకు ఆ వైరస్ ఎక్కించి చూసిన 2019 నాటి ప్రయోగంలో, వాటికి జబ్బు ఎక్కువ రోజులు తీవ్రంగా ఉండి, కోలుకోవడం ఆలస్యమైంది. అంటే కోవిడ్ రాకముందే, ఈ జంట గురించి మనకు హెచ్చరికలు అందాయి. వాటిని ఆచరణలోకి తెచ్చుకోవడంలోనే వెనకబడ్డాం.

కోవిడ్ కాలంలో వచ్చిన సమాచారం మీకు కొత్త కాదు, అయినా అందులో రెండు మూడు అంశాలను పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను. ఇంగ్లండ్‌లో 1.7 కోట్ల మందికి పైగా వయోజనుల వైద్య రికార్డులను పరిశీలించి 2020లో ప్రచురించిన ఓపెన్‌సేఫ్‌లీ అధ్యయనంలో, ఇతర కారణాలను సర్దుబాటు చేశాక, బీఎంఐ 40 దాటినవారికి కోవిడ్ మరణ ప్రమాదం సుమారు 1.9 రెట్లుగా తేలింది. మధుమేహం అదుపులో ఉన్నవారికి ఆ ప్రమాదం 1.3 రెట్లు, అదుపు తప్పినవారికి 1.95 రెట్లు. ఒకే జబ్బు అదుపులో ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఇంత తేడా వస్తున్నప్పుడు, 'మధుమేహం: ఉంది / లేదు' అనే ఒక్క గడితో రోగి ప్రమాదాన్ని ఎలా అంచనా వేయగలం? అదే దేశంలో 69 లక్షల మంది మీద జరిగిన మరో అధ్యయనంలో, బీఎంఐ పెరిగే ప్రతి యూనిట్‌కూ ఐసీయూలో చేరే ప్రమాదం సుమారు 10 శాతం చొప్పున పెరిగింది. ఈ పెరుగుదల వృద్ధుల్లో కంటే 20 నుంచి 39 ఏళ్ల వయసువారిలో ఎక్కువగా కనిపించింది. వయసు చిన్నదని ధైర్యంగా ఇంటికి పంపేసే రోగుల్లోనే బరువు ప్రభావం బలంగా ఉందన్నమాట.

ఫ్రాన్స్‌లో 2020 మార్చిలో జరిగిన కరోనాడో అధ్యయనం నా వాదనకు మరింత దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అందులో ఉన్నవారందరూ మధుమేహ రోగులే. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన 1,300 మందికి పైగా రోగుల్లో, ఏడు రోజుల్లోపు శ్వాసనాళంలో గొట్టం వేయాల్సి రావడం లేదా మరణించడం అనే ఫలితంతో ముడిపడినది బీఎంఐ. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీకి ఆ ఫలితంతో సంబంధం కనిపించలేదు. మరణాన్ని మాత్రమే తీసుకుంటే వయసు, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు, చిన్న, పెద్ద రక్తనాళాల్లో మధుమేహం వల్ల వచ్చిన నష్టం ముందుకొచ్చాయి. నిద్రలో శ్వాస ఆగడం చాలామందిలో ఊబకాయం తెచ్చిపెట్టేది. చిన్న రక్తనాళాలు దెబ్బతినడం ఏళ్ల తరబడి పెరిగిన చక్కెర మిగిల్చేది. ఆ సమాచారాన్ని చదివిన ప్రతిసారీ నాకు అనిపించేది ఒకటే: రోగి ఊపిరి ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఈ రెండు దారుల్లో జరిగిన నష్టం ఎక్కడ కలుసుకుంటుందన్న దానిమీద చాలావరకు ఆధారపడి ఉంది.

ఇక్కడ గణాంక పద్ధతి గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే పట్టికలో రెండు వరుసలు విడిపోవడానికి మూలం చాలావరకు అక్కడే ఉంది. ఊబకాయం వల్ల వచ్చే ప్రమాదాన్ని లెక్కించేటప్పుడు మధుమేహాన్ని 'సర్దుబాటు' చేయడం మనకు అలవాటు. కానీ ఊబకాయం మనిషికి హాని చేసే దారుల్లో మధుమేహమే ఒక ప్రధానమైన దారి. ఆ దారిని లెక్కలోంచి తీసేసి, మిగిలినదాన్ని 'ఊబకాయం ప్రభావం' అంటే, అసలు ప్రభావంలో కొంత భాగం మధుమేహం ఖాతాలోకి పోతుంది. అటువైపు నుంచి చూసినా ఇదే చిక్కు: బరువును సర్దుబాటు చేశాక మిగిలిన మధుమేహ ప్రమాదం, సన్నగా ఉండే మధుమేహ రోగికీ బరువైన మధుమేహ రోగికీ ఒకటేనన్న భ్రమ కలిగిస్తుంది. కారణాలను వేరుచేసి చూడాలనుకునే పరిశోధకుడికి ఈ పద్ధతి పనికొస్తుంది. అర్ధరాత్రి ఎవరిని ఏ వార్డుకు పంపాలో తేల్చుకోవాల్సిన డ్యూటీ డాక్టరుకు మాత్రం రెండూ ఉన్నవారు, ఊబకాయం ఒక్కటే ఉన్నవారు, మధుమేహం ఒక్కటే ఉన్నవారు, ఏదీ లేనివారు అనే నాలుగు సమూహాల ఫలితాలు, సర్దుబాటుకు ముందూ తర్వాతా, విడివిడిగా కావాలి. అధ్యయనాలు చేసేవారి దగ్గర ఈ సమాచారం ఉంటుంది. ప్రచురించమని మీరు అడిగితే చాలు.

ఒంట్లో ఏం జరుగుతుందో చూస్తే ఈ రెండింటినీ విడదీయడం ఎంత కృత్రిమమో తెలుస్తుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరాన్ని పైకి నెడుతుంది, ఛాతీ మీది కొవ్వు పక్కటెముకల కదలికను బరువెక్కిస్తుంది. ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగలాల్సిన గాలి తగ్గి, అడుగు భాగాల్లోని గాలి గదులు త్వరగా మూసుకుపోతాయి. వెల్లకిలా పడుకుంటే ఇది ఇంకా ఎక్కువవుతుంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఈ లోటు పెద్దగా బయటపడదు. న్యుమోనియా వచ్చి మిగిలిన గాలి గదులు కూడా నీటితో నిండడం మొదలైనప్పుడు, ఆదుకోవడానికి అదనంగా మిగిలేది చాలా తక్కువ.

కొవ్వు కణజాలం బరువు మోపడంతో ఆగదు. ఊబకాయంలో అది ఐఎల్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి వాపును పెంచే రసాయనాలను నిత్యం కొద్దికొద్దిగా విడుదల చేస్తుంటుంది. కొవ్వు కణాల హార్మోన్లలో వాపును పెంచే లెప్టిన్ పెరుగుతుంది, వాపును అణచే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. ఇలా రోగనిరోధక వ్యవస్థ ఎప్పుడూ సగం రాజుకుని ఉండటం వల్ల, వైరస్ ప్రవేశించిన తొలి గంటల్లో రావలసిన ఇంటర్‌ఫెరాన్ స్పందన, అంటే వైరస్‌ను అడ్డుకునే తొలి రక్షణ, బలహీనపడుతుంది, ఆ తర్వాత రాకూడనంత వాపు వస్తుంది. నికరాగ్వాలో కుటుంబాలను అనుసరించి చేసిన అధ్యయనంలో, ఇన్‌ఫ్లుయెంజా ఎ లక్షణాలున్న ఊబకాయులైన వయోజనులు ఇతరుల కంటే 42 శాతం ఎక్కువ కాలం వైరస్‌ను బయటికి వదిలారు. కోవిడ్ వైరస్ కొవ్వు కణాల్లోకే ప్రవేశించగలదని 2022లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

దీనికి మధుమేహం తోడైతే జరిగేది ఇది. రక్తంలో చక్కెర పెరిగినకొద్దీ బ్యాక్టీరియాను మింగాల్సిన న్యూట్రోఫిల్ కణాల పనితనం తగ్గుతుంది. శ్వాసనాళాలను తడిపే పలుచని ద్రవంలోనూ చక్కెర పెరిగి, వైరస్ వెనకే వచ్చే బ్యాక్టీరియా న్యుమోనియాకు వీలు కల్పిస్తుంది. సన్నని రక్తనాళాల లోపలి పొర అప్పటికే దెబ్బతిని ఉంటుంది. ఊబకాయంలో రక్తపు గడ్డలను కరిగించే వ్యవస్థను అడ్డుకునే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, దెబ్బతిన్న నాళాల్లో గడ్డలు కట్టే ముప్పు రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే వాపు ఇన్సులిన్ నిరోధకతను పెంచుతుంది; అప్పటికే నిరోధకత ఉన్న బరువైన రోగిలో చక్కెర అదుపు తప్పుతుంది; పెరిగిన చక్కెర తిరిగి వాపును పెంచుతుంది. ఈ చక్రంలో ఏది ఊబకాయం పని, ఏది మధుమేహం పని అని గీత గీయడం నావల్ల కాదు, మీలో ఎవరివల్లనైనా అవుతుందనీ అనుకోను.

పైగా చక్రాన్ని మనమే ఇంకాస్త తిప్పుతాం. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ అనే చికిత్సా ప్రయోగం (ట్రయల్) ఫలితాలు వచ్చాక, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పది రోజుల వరకు ఇవ్వడం ప్రపంచమంతటా ప్రమాణమైంది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడోవంతు తగ్గించిన మందు అది. దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ అదే మందు చక్కెరను ఒక్కసారిగా పెంచుతుంది, బరువైన మధుమేహ రోగిలో మరీ ఎక్కువగా. స్టెరాయిడ్ మోతాదును మిల్లీగ్రాములతో సహా రాసే పత్రంలో, చక్కెరను రోజుకు ఎన్నిసార్లు చూడాలో, ఇన్సులిన్ ఎంతతో మొదలుపెట్టాలో కూడా అదే పేజీలో ఉండాలి. పొద్దున్నే పరగడుపున చేసే ఒక్క పరీక్షతో సరిపెట్టుకుంటే, భోజనాల తర్వాత మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ఎగబాకే చక్కెర కంటపడకుండా పోతుంది.

నా వాదన మీద రాగల అభ్యంతరాలు నాకు తెలుసు. ఐసీయూలో చేరాక కొద్దిపాటి ఊబకాయం ఉన్నవారే సన్ననివారికంటే ఎక్కువగా బతుకుతున్నారని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. ఐసీయూ దాకా వచ్చినవారిని మాత్రమే లెక్కించడం వల్ల, బరువైనవారు ముందుజాగ్రత్తగా తొందరగా చేరడం వల్ల ఇలా కనిపించవచ్చు. జబ్బు సోకిన జనాభా మొత్తాన్ని తీసుకున్నప్పుడు ఆ రక్షణ కనిపించదు. ఇంకొక అభ్యంతరం బీఎంఐ మీద. అది సబబే. బీఎంఐ కొవ్వు ఎక్కడుందో చెప్పదు. ఆసియా జనాభాలో తక్కువ బీఎంఐ వద్దే మధుమేహం మొదలవుతుందని గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే 23, 27.5 అనే అదనపు హద్దులను సూచించారు. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా బీఎంఐ ఒక్కదానితో ఊబకాయాన్ని నిర్ధారించవద్దని చెప్పింది. కాబట్టి నడుము చుట్టుకొలతను కూడా కొలవమంటాను, కొలతే వద్దనను. మరో వైపు, మా వాదనను బలపరిచేవారిలోనే అతిశయోక్తులున్నాయి. 2021 ఫిబ్రవరి చివరికి నమోదైన 25 లక్షల కోవిడ్ మరణాల్లో 22 లక్షలు, జనాభాలో సగానికి పైగా అధిక బరువున్న దేశాల్లోనే సంభవించాయని ప్రపంచ ఊబకాయ సమాఖ్య ప్రకటించింది. ఆ అంకెను చాలామంది ఉదాహరించారు గానీ, అలాంటి దేశాల్లో వృద్ధుల నిష్పత్తీ ఎక్కువ, మరణాల నమోదూ మెరుగు. దేశాల సగటులను పోల్చి వ్యక్తుల గురించి తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు. మరీ తక్కువ బరువున్న మధుమేహ రోగులకూ ముప్పు ఎక్కువేనని ఇంగ్లండ్ సమాచారం చూపిందన్న సంగతి కూడా మరవకూడదు.

ఇక నేను కోరేవాటికి వస్తాను. మొదటిది చాలా మామూలుది: చేరిన రోజే ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత కొలిచి, హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయాలి, మధుమేహం ఉన్నట్టు తెలియనివారికి కూడా. అత్యవసర వేళ బరువు తూచడం పక్కకు జరిగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. అంచనా బరువు మీద ఇన్సులిన్, గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదులు నిర్ణయమవుతాయి. సగటు రోగికి రాసిన హెపారిన్ మోతాదు చాలా బరువున్న రోగికి చాలకపోవచ్చని గుర్తు చేయాల్సిన పని మార్గదర్శకానిదే.

చక్కెర విషయంలో లక్ష్యాన్ని స్పష్టంగా రాయాలి, కానీ కఠినంగా రాయకూడదు. ఐసీయూ రోగుల చక్కెరను డెసిలీటరుకు 81 నుంచి 108 మిల్లీగ్రాముల మధ్య బిగించి ఉంచాలని చూసిన నైస్-షుగర్ ట్రయల్‌లో మరణాలు పెరిగాయని 2009లోనే తేలింది. అందుకే చాలామంది తీవ్ర రోగులకు డెసిలీటరుకు 140 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య ఉంచడం సముచితమన్న అంగీకారం ఏర్పడింది. దీనితోపాటు ఆపాల్సిన మందుల సంగతి కూడా రాయండి. చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపే ఎస్‌జీఎల్‌టీ2 తరగతి మధుమేహ మాత్రలు వాడుతున్న రోగి సరిగా తినలేని స్థితిలో ఉంటే, చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఆక్సిజన్ బాగా పడిపోయినప్పుడో కిడ్నీలు దెబ్బతిన్నప్పుడో మెట్‌ఫార్మిన్ అనే మధుమేహ మాత్రను కొనసాగిస్తే లాక్టిక్ ఆమ్లం పేరుకోవచ్చు. ఇన్‌ఫెక్షన్ల విభాగం వైద్యులకు ఇది రోజూ ఎదురయ్యే విషయం కాదు, కాబట్టి వారి చేతిలో ఉండే పత్రంలోనే కనిపించాలి. తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా చెప్పకపోతే, ఇంటికి పంపేటప్పుడు ఆ మందులు మళ్లీ రాయడం ఎవరికీ గుర్తుండదు.

సామగ్రి గురించి మాట్లాడటం ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా తప్పదు. బరువు పరిమితి దాటిన రోగికి స్కానింగ్ బల్ల పనికిరాదు. మామూలు బీపీ పట్టీ లావు చేతికి చుడితే రీడింగ్ ఎక్కువ చూపుతుంది. ఊపిరి అందని బరువైన రోగిని బోర్లా తిప్పి పడుకోబెట్టడానికి అదనంగా మనుషులు కావాలి. బోర్లా పడుకోబెట్టడం వల్ల అలాంటి రోగుల్లోనూ ఆక్సిజన్ మెరుగవుతుంది కాబట్టి, చాలినంత సిబ్బంది లేరన్న కారణంతో దాన్ని మానేయడం రోగికి నష్టం. మహమ్మారి వచ్చాక పెద్ద మంచాలు, పెద్ద పట్టీలు వెతుక్కోవడం కంటే, ఇన్ని పడకలకు ఇన్ని అని ముందే నిర్ణయించి ప్రణాళికలో పెట్టాలి.

టీకాల దగ్గర ఒక చిన్న విషయం తరచూ మరుగున పడుతుంది. చాలా బరువున్నవారికి భుజం కండరాన్ని చేరడానికి మామూలు సూది పొడవు చాలదు. స్త్రీలకు సుమారు 90 కిలోలు, పురుషులకు సుమారు 118 కిలోలు దాటితే 38 మిల్లీమీటర్ల సూది వాడాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సూచనల్లో ఉంది. టీకా కేంద్రాలకు పంపే పెట్టెల్లో ఆ సూదులు ఉన్నాయా అని చూసే బాధ్యత ఎవరికో ఒకరికి అప్పగించాలి. ఇన్‌ఫ్లుయెంజా టీకా తీసుకున్న ఊబకాయుల్లో యాంటీబాడీలు ఇతరులతో సమానంగా కనిపించినా, జబ్బు పడే అవకాశం వారికి రెండింతలు ఉందని 2017లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. అంటే రక్తపరీక్షలో యాంటీబాడీ అంకె బాగుందని ఈ రోగులకు భరోసా ఇవ్వలేం. ఏటా వేయించుకోవాలనీ, టీకా తర్వాత కూడా జ్వరం వస్తే తొందరగా రావాలనీ చెప్పాలి.

ట్రయళ్ల గురించి ఒక అభ్యర్థన. అధిక బరువు, ఊబకాయం ఉన్న వయోజనులనే ఎంచుకుని, జబ్బు తొలి రోజుల్లో మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూసిన కోవిడ్-అవుట్ ట్రయల్‌లో ప్రధాన ఫలితంలో ప్రయోజనం తేలలేదు గానీ, దీర్ఘకాలిక కోవిడ్ సుమారు 41 శాతం తగ్గింది. మధుమేహానికీ, బరువు తగ్గించడానికీ వాడే సెమాగ్లుటైడ్ మీద జరిగిన సెలెక్ట్ ట్రయల్‌లో, గుండె జబ్బుతో పాటు అధిక బరువున్నవారిలో కోవిడ్ మరణాలు మందు తీసుకున్నవారిలో 43, తీసుకోనివారిలో 65. అయితే ఆ ట్రయల్‌లో మధుమేహం ఉన్నవారిని చేర్చుకోలేదు. రెండు జబ్బులూ ఉన్నవారి గురించి అడగాల్సిన ప్రశ్న మళ్లీ మిగిలిపోయింది. వచ్చే మహమ్మారికి ముందే సిద్ధం చేసుకునే ట్రయల్ నమూనాల్లో ఈ సమూహాన్ని ముందుగానే పేర్కొనండి, ఫలితాలను వారికి విడిగా చూపమని షరతు పెట్టండి.

డిశ్చార్జ్ తర్వాతి కాలాన్ని కూడా పత్రంలో చేర్చాలి. అమెరికా మాజీ సైనికుల రికార్డుల మీద 2022లో వెలువడిన అధ్యయనంలో, కోవిడ్ నుంచి బయటపడినవారికి తర్వాతి ఏడాదిలో కొత్తగా మధుమేహం వచ్చే ప్రమాదం సుమారు 40 శాతం ఎక్కువగా ఉంది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు చక్కెర పెరిగిన ప్రతి రోగినీ మూడు నెలల తర్వాత పిలిచి పరీక్షించే ఏర్పాటు ఉండాలి. అది స్టెరాయిడ్ వల్ల వచ్చి పోయినదా, నిలిచిపోయిన జబ్బా అన్నది అప్పుడే తేలుతుంది.

చివరగా, రాసే తీరు గురించి. బరువు మీద నిందలు విన్న రోగి ఆస్పత్రికి ఆలస్యంగా వస్తాడు. ఆలస్యంగా వచ్చినవారిలో ఫలితాలు బాగుండవని అందరికీ తెలుసు. 'నిర్లక్ష్యం వల్ల వచ్చిన జబ్బు' అనే ధోరణి ఆరోగ్య ప్రకటనల్లో ఎక్కడ కనిపించినా తీసేయండి. వాటి స్థానంలో, ఊబకాయం, మధుమేహం రెండూ ఉన్నవారు జ్వరం, దగ్గు మొదలైన రోజునే పరీక్ష చేయించుకోవాలనీ, ఇంట్లో ఆక్సిజన్, చక్కెర రెండూ చూసుకోవాలనీ, ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, చక్కెర ఎన్నడూ లేనంతగా పెరిగినా ఆగకుండా రావాలనీ ఒకే ప్రకటనలో రాయండి. పైన కోరినవాటిలో చాలావరకు కొత్త పరిశోధన అక్కర్లేనివి. మీ తదుపరి సవరణలోనే చేర్చవచ్చు. ఆ అధ్యాయం ముసాయిదా రూపంలో వెలువడినప్పుడు, దానిమీద అభిప్రాయాలు చెప్పడానికి మధుమేహ వైద్యులను, ఊపిరితిత్తుల వైద్యులను, నర్సులను, ఈ రెండు జబ్బులతోనూ జీవిస్తున్న రోగులను పిలవమని మనవి.

భవదీయుడు,
ఒక మధుమేహ వైద్యుడు